ఉరుకుందమ్మ కట్టించుకున్న పళ్ళు

గోనెగండ్ల నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఒక పల్లెలో బజారి అనే రైతు ఉండేవాడు. కొంచెం మెట్ట, ఒక బావి, ఒక జత ఎద్దులు. తాగడు, జూదమాడడు, ఎవరితోనూ తగాదాకు పోడు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే. భార్య ఉరుకుందమ్మను ఎవరైనా రెండోసారి చూస్తే ఓర్చుకోలేడు.

పెళ్ళయిన కొత్తలో ఆమె నవ్వితే చూడబుద్ధయ్యేది. జొన్నకోతల్లో పాట ఎత్తుకుంటే పక్క చేలవాళ్ళు కొడవళ్ళు ఆపి వినేవాళ్ళు. ఆమె పాట బజారికీ ఇష్టమే. పక్క చేలవాళ్ళు వినడమే ఇష్టం లేదు. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి, రొట్టె మాడిందనో, నీళ్ళు చల్లగా లేవనో ఏదో ఒకటి అనేవాడు. అసలు మాట మాత్రం బయటికి వచ్చేది కాదు.

డెబ్బై ఒకటిలో ఒక పొద్దున ఆమె ఎద్దులకు చొప్ప వేస్తోంది. ఈగ కుట్టిందో ఏమో, ఎడమ ఎద్దు ఒక్కసారిగా తల విసిరింది. కొమ్ము నోటికి తగిలి పైవరుసలో ముందు పళ్ళు మూడు ఊడిపోయాయి. పుండు మానేదాకా బజారి పక్కనే కూర్చుని గంజి తాగించాడు. మానాక కూడా జొన్నరొట్టెను పప్పులో నానబెట్టి, మెత్తగా పిసికి, ఆమె ముందు పెట్టేవాడు. అట్లాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలని ఊరి ఆడవాళ్ళు అనుకున్నారు.

వాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. ఆ దెబ్బతో బజారి మనసు నెమ్మదించింది. ఉరుకుందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడడం మానేసింది. పాట మానేసింది. తిరునాళ్ళకు రమ్మంటే తలనొప్పి అనేది. సంతకు బజారి ఒక్కడే పోయి వచ్చేవాడు. ఆమె మొగం చూసేవాళ్ళు ఇంట్లో తాను, ఇద్దరు పిల్లలు, అంతే. ఆ ఎనిమిదేళ్ళూ బజారి ఎంతో మంచి మొగుడిగా బతికాడు. తన మంచితనానికి కారణమేమిటో ఆయన ఎప్పుడూ తరచి చూసుకోలేదు.

తర్వాత వాన లేని ఏడు ఒకటి వచ్చింది. వేరుశనగ వేసింది వేసినట్టే మాడిపోయింది. ఆదోనిలో ఉండే రామక్క, ఉరుకుందమ్మకు వరసకు అక్క, పత్తి మిల్లులో పని చేస్తుండేది. సీజనంతా పని ఉంటుంది, చెల్లెల్ని పంపమని కబురు పెట్టింది. పంపక తప్పలేదు. పిల్లల్ని నాయనమ్మ తన ఇంట్లో పెట్టుకుని చూసుకుంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మనిషే కదా, పట్నంలో ఎవరు చూస్తారులే అని బజారి ధైర్యం చెప్పుకున్నాడు.

ఉగాది దాటాక ఆమె తిరిగి వచ్చింది. బజారి బస్సు దగ్గరికి పోయాడు. ఉరుకుందమ్మ మూట చంకన పెట్టుకుని దిగుతూ, వెనక్కి తిరిగి, తోడు వచ్చిన రామక్క కూతురితో ఏదో అని గట్టిగా నవ్వింది. కొంగు భుజం మీదే ఉంది. నోటి నిండా పళ్ళున్నాయి. టీ హోటలు మాదన్న గ్లాసు కడుగుతున్నవాడు కడుగుతున్నట్టే ఆగి, “ఏమ్మా ఉరుకుందమ్మా, గుర్తే పట్టలేదు” అన్నాడు. ఆమె ఆయన వైపు చూసీ నవ్వింది.

దారిలో బజారి మూట అందుకోలేదు. ఇల్లు చేరాక అడిగాడు.

“ఎవరు కట్టినారు?”

“ఆదోనిలో ఖలందర్ సాబ్. రామక్క తోడుకపోయింది.”

“ఆయప్ప నీ నోట్లో సెయ్యి పెట్టినాడా?”

“పెట్టకుంటే ఎట్ల కడతాడు?” అని, తమాషా మాట విన్నట్టు మళ్ళీ నవ్విందామె.

ఆ రోజు నుంచి బజారికి అన్నం సయించలేదు. అవి తీసి పెట్టుకునే పళ్ళు. ఎర్రటి చిగుళ్ళ రంగు పలకకు మూడు పళ్ళు అతికి ఉంటాయి. తిన్న తర్వాత ఆమె వాటిని తీసి, కడిగి, మళ్ళీ పెట్టుకునేది. పనికి పోయేటప్పుడు ఒకసారి పిల్లల అద్దంలో చూసుకునేది. ఆ చూసుకోవడం బజారి గుండెలో ముల్లులా దిగేది. బావి దగ్గర ఆడవాళ్ళతో నవ్వినా, ఎరువుల కొట్టు శేషన్నతో బేరమాడినా, బస్సు కండక్టరును పలకరించినా ఆయన దూరం నుంచి చూస్తూ నిలబడేవాడు. ఎవరి మీదా వేలు పెట్టి చూపడానికి లేదు. అందుకే ఇంకా మండేది.

ఒక బుధవారం ఎడ్ల తాళ్ళు కొనాలని చెప్పి ఆదోని పోయాడు. అడుగుతూ అడుగుతూ పోయి ఖలందర్ అంగడి పట్టుకున్నాడు. గాజు పెట్టెలో కట్టుడు పళ్ళు వరసగా పెట్టి ఉన్నాయి. ఖలందర్ నెరిసిన గడ్డం మనిషి, మందపాటి అద్దాలు. పక్కన ఆయన భార్య మహమూదా బీ. ఆడవాళ్ళెవరైనా వస్తే వాళ్ళ తల కదలకుండా పట్టుకునేది ఆమే. బజారి పంటి నొప్పి అని అబద్ధం చెప్పి కుర్చీలో కూర్చున్నాడు. ఖలందర్ దీపం పెట్టి చూశాడు.

“నీ పండ్లకేమప్పా, ఇనుపగుండ్లు నమిలేట్టుండాయి. నొప్పి యాడ?”

బజారి చెప్పలేక ఊరి పేరు చెప్పాడు, పెండ్లాం పేరు చెప్పాడు. ముసలాయన మొగం విప్పారింది. మంచి మనిషి మీ ఆమె, అన్నాడు. కొలత తీసిన రోజు ఒక్క మాట మాట్లాడలేదట. పళ్ళు పెట్టి అద్దం చేతికిచ్చిన రోజు మాత్రం మహమూదా బీ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చిందట. నవ్వి ఎనిమిదేండ్లయింది, ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు, అని చెప్పుకుందట.

అనుమానం నిలబడడానికి అక్కడ చోటు లేదని బజారికి అర్థమైంది. కానీ బస్సులో తిరిగొస్తుంటే కొత్త మంట మొదలైంది. ఆ మాట తనతో అనలేదే. ఊరుకాని ఊళ్ళో, ముక్కూ మొగం తెలియని ఒక ఆడమనిషి చెయ్యి పట్టుకుని చెప్పింది. ఇన్నాళ్ళూ మగవాళ్ళను చూసి కుళ్ళుకున్నవాడు, ఆ సాయంత్రం మహమూదా బీని చూసి కుళ్ళుకున్నాడు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఉరుకుందమ్మ అన్నం తిని, పళ్ళు కడిగి గిన్నెలో పెట్టి, ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి పోయింది. అరుగు మీద గిన్నె ఉంది. బజారి ముందుగా ఏమీ అనుకోలేదు. చెయ్యే పోయింది. పలకను పంచె మడతలో పెట్టుకుని చేను దాకా నడిచి బావిలో వేశాడు. చిన్న చప్పుడైంది. వేసినాక సంతోషమేమీ కలగలేదు; వంగి నీళ్ళలోకి తొంగి చూశాడు.

ఇంటికొచ్చేసరికి ఆమె వెతుకుతోంది. కాకి ఎత్తుకుపోయిందేమో, కుక్క లాక్కుపోయిందేమో అని పిల్లలు దిబ్బల్లో కూడా వెతికారు. బజారి కూడా వాళ్ళతో కలిసి గూళ్ళు, గాదె కింద అంతా వెతికాడు. పొద్దు గూకేసరికి ఉరుకుందమ్మ వెతకడం ఆపేసి పొయ్యి ముట్టించింది. ఆ రాత్రి ఆయన ఆమెకు రొట్టె నానబెట్టి ఇచ్చాడు. ఆమె ఆ గిన్నె పక్కకు జరిపి, ఎండు రొట్టెనే దవడ పళ్ళతో మెల్లగా నమిలి తింది.

శ్రావణంలో ఉరుకుంద ఈరన్నస్వామి తిరునాళ్ళకు ఊరు ఊరంతా బయలుదేరుతుంది. ఈమె రాదనుకున్నాడు బజారి. ఆమె కొత్త చీర కట్టుకుని అందరికంటే ముందే బస్సులో కూర్చుంది. ఆడవాళ్ళు పాట ఎత్తుకుంటే తానూ అందుకుంది. మూడు పళ్ళ సందులోంచి గాలి పోయి మాట తేలిపోతున్నా ఆపలేదు. నవ్వొచ్చినప్పుడు నవ్వింది. కొంగు నోటి దాకా పోలేదు. ఎవరో కుర్రాళ్ళు వింతగా చూశారు. ఆమె పట్టించుకోలేదు. వెనక సీటులో కూర్చుని బజారి అంతా చూశాడు. పళ్ళు బావిలో పడ్డాయి గానీ తాను పారెయ్యాలనుకున్నది ఆమె దగ్గరే ఉండిపోయింది.

దర్శనం అయ్యాక, జనానికి ఎడంగా కూర్చుని బొరుగులు తింటున్నప్పుడు ఆమె మెల్లగా అంది.

“బజారీ, యాడ పారేసినావు?”

మొగుణ్ణి పేరు పెట్టి ఆమె ఎన్నడూ పిలవలేదు.

“ఎతికేవాడు వస్తువు కోసం నేల సూస్తాడు. నువ్వు నా మొగమే సూస్తాండావు ఆ పొద్దు.” మళ్ళీ అంది. “ఎద్దు కొట్టినప్పుడు దాన్ని నేను ఒక్క మాట అనల్యా. దానికి తెలీదు. నీకు తెలుసు గదా.”

“బావిలో,” అన్నాడు బజారి తల వంచుకుని.

ఆమె తిట్టలేదు. మాట్లాడడం మానేసింది, అంతే. తిండి పెట్టేది, పొలానికి వచ్చేది, అవసరమైన మాట పిల్లల చేత చెప్పించేది. పత్తి సీజను రాగానే అడగకుండానే ఆదోని పోయింది. పిల్లలు మళ్ళీ నాయనమ్మ దగ్గరికి పోయారు. ఆ చలికాలమంతా బజారి ఖాళీ ఇంట్లో, ఆమె ఎవరితో మాట్లాడుతోందో, ఎక్కడ నవ్వుతోందో అనుకుంటూ గడిపాడు.

ఉగాది దాటినా ఆమె తిరిగి రాలేదు. ఎండాకాలం బావి అడుగంటింది. బజారి నడుముకు తాడు కట్టుకుని దిగి, బురదంతా గంపలతో తోడించి, చేత్తో పిసికి పిసికి చూశాడు. పగిలిన కడవ పెంకులు, తుప్పు పట్టిన చేద దొరికాయి. పళ్ళు దొరకలేదు. బురద కాళ్ళు కడుక్కుని, చొక్కా వేసుకుని, ఆదోని బస్సెక్కాడు. రామక్క ఇంటి ముందు నిలబడి, పోదాం రా అన్నాడు. యాడికి అని ఆమె అడగలేదు. అన్ని నెలల తర్వాత మొగుడి వెనక నడిచింది.

ఖలందర్ మళ్ళీ కొలత తీయబోతుంటే బజారి అడ్డం వచ్చాడు.

“సాబూ, తీయనీకి రాకుండా కట్టే వీలుందా?”

“ఎందుకప్పా? తీసి కడుక్కుంటేనే మేలు.”

“నా సేతికి దొరక్కూడదు,” అన్నాడు బజారి.

మహమూదా బీ ఉరుకుందమ్మ వైపు చూసింది. ముసలాయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. దవడ ఎముకలోనే మేకు దించి దాని మీద పన్ను నిలబెట్టే పని ఎక్కడో పైదేశాల్లో వచ్చిందని విన్నానని, మన దగ్గర అది లేదని చెప్పాడు. ఇరుపక్కల పళ్ళను అరగదీసి, తొడుగులు వేసి, వాటి మధ్య మూడు పళ్ళు వంతెన మాదిరి కట్టి అతికించే డాక్టరు బళ్ళారిలో ఉన్నాడని, తన చేతిలో ఆ విద్య లేదని చెప్పి దారి చెప్పాడు.

బళ్ళారికి చాలాసార్లు తిరగాల్సి వచ్చింది. ప్రతిసారీ బజారి వెంట పోయాడు. డాక్టరు వేళ్ళు ఆమె నోట్లో ఉన్నంతసేపూ కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు. చివరి రోజు ఆమెకు అద్దం ఇచ్చినప్పుడు మాత్రం ఇటు తిరిగాడు. ఈసారి ఆమె ఏడవలేదు. నాలుకతో పళ్ళు తడిమి చూసుకుని, “గట్టిగానే ఉండాయి” అని మొగుడితోనే అంది.

అంతటితో బజారి మారిపోయాడంటే అబద్ధం. ఎనభైల్లో ఉరుకుందమ్మ ఊరి ఆడవాళ్ళను పదిమందిని వెంటేసుకుని మిల్లు పనికి తీసుకుపోయే మేస్త్రీ అయింది. ఆమెతో మాట్లాడేవాళ్ళు పెరిగారు, నవ్వేవాళ్ళూ పెరిగారు. బజారి ఎదురుగా ఉంటే మొగం మాడ్చుకుని ఎద్దుల దగ్గరికి పోయేవాడు. కాసేపటికి తనే తిరిగి వచ్చేవాడు. ఆమె చూసీ చూడనట్టు ఉండేది.

ఒకసారి ఎమ్మిగనూరు బస్టాండులో, రామక్కా ఆమే బల్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. బజారి బొరుగుల ఉగ్గాని పొట్లాలతో వచ్చి నిలబడ్డాడు. ఎందుకు నవ్వుతున్నారని అడిగాడు. రామక్క చెప్పడానికి వెనకాడింది.

“నిన్ను గురించే,” అంది ఉరుకుందమ్మ. “పంటి నొప్పని ఖలందర్ సాబ్ కాడికి పోయినావంట గదా. ఇన్నాళ్ళకు మహమూదా బీ సెప్పింది.”

బజారి పొట్లాలు బల్ల మీద పెట్టాడు. వాళ్ళిద్దరి వైపూ మార్చి మార్చి చూశాడు. కొంచెం ఆలస్యంగా, తల గోక్కుంటూ, తనూ నవ్వాడు.