కాల్ బుక్‌లో లేని గడి

2023 వానాకాలం. ఖరగ్‌పూర్ తాల్‌బగీచాలో మా రెండు గదుల ఇల్లు. నేను రైల్వేలో రిటైరై అప్పటికి పదేళ్లు దాటింది. ఈ సంగతి నా పనిలోది అనాలో, నా మనవరాలు లావణ్య పనిలోది అనాలో తెలియదు. రెండూ ఒకచోట కలిశాయి కాబట్టి రాస్తున్నాను.

నా పని కాల్ బుక్ మోయడం. అప్పట్లో బండి బయలుదేరాలంటే డ్రైవరుకు ఫోన్ చేసే వీలు లేదు. క్రూ లాబీలో, అంటే డ్రైవర్లు, గార్డులు డ్యూటీకి హాజరయ్యే చోట, ఏ బండి, ఎవరు, ఎన్ని గంటలకు అని ఒక పుస్తకంలో రాసిచ్చేవారు. అది పట్టుకుని క్వార్టరుకు వెళ్లి, డ్రైవరు చేత టైం వేయించి సంతకం పెట్టించుకు రావాలి. మా ఆయన పోయాక నాకిచ్చిన ఉద్యోగం అది. ఐదో తరగతితో ఆగిన చదువుకు అదే ఎక్కువ.

లావణ్య ఇంట్లో కూర్చునే ఒక కంపెనీకి పని చేస్తుంది. సరుకు, బిల్లులు, జీతాలు, సెలవులు అన్నీ ఒకేచోట చూసుకునేలా వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ ప్లాట్‌ఫాం అమ్మే కంపెనీ. అందులోనే మీటింగులు కుదుర్చుకునే ఏర్పాటు ఒకటి తయారుచేయమని దీనికి అప్పగించారు. బయటి క్యాలెండర్ అక్కర్లేకుండా అన్నీ లోపలే ఉండాలట. ఆ మాట నాకు నచ్చింది. ఇంట్లో కుదిరేదానికి బజారుకు పోవడం దేనికి?

ఇది చేసిన పద్ధతి చూడ్డానికి బాగానే ఉంది. మీటింగు పెట్టేవాడు పేర్లు ఎంచుకుంటే, ఎవరికి ఏ గంట ఖాళీయో పచ్చగా కనబడుతుంది. పచ్చదాని మీద నొక్కితే అందరికీ పిలుపు వెళుతుంది. ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో నెల రోజులు వాడించి చూశారు. తొమ్మిదిమంది ‘సరే’ నొక్కితే నలుగురు వచ్చేవారు. ఇంకో నెల చూస్తామని, అప్పుడూ ఇంతే అయితే ఇది తీసేసి బయటిది తగిలిస్తామని పైవాళ్లు చెప్పారు. లావణ్య ఉద్యోగం ఖాయం కావడం కూడా దానిమీదే ఉంది. పిల్ల కంచంలో అన్నం వదిలేయడం మొదలుపెట్టింది. అన్నం పారేయనిచ్చే ఇల్లు కాదు మాది. తిట్టి తినిపించాను.

ఒకరోజు లావణ్య ఆ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు చూసే బెంగాలీ ఆవిడకు ఫోన్ చేసి, ‘సరే’ నొక్కి ఎందుకు రాలేదని అడిగింది. ఆవిడ హిందీలో చెప్పింది గదంతా వినబడింది. ఆ గంటకు పిల్లను బడి నుంచి తెచ్చుకోవాలట. మరి వద్దని నొక్కొచ్చు కదా దీదీ అంటే, పెద్దసారు పేరుతో పిలుపు వస్తే వద్దని ఎలా నొక్కుతానని నవ్వింది.

నేను బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టాను.

“గుంటా, ఇలాటి తప్పే నానూ సేసినాను” అన్నాను.

“నువ్వు మీటింగులు పెట్టినావేటి మామ్మా?”

“బళ్లు కట్టించినాను. మీ మీటింగులకన్నా పెద్దయ్యి.”

చెప్పాను. ఉద్యోగంలో చేరిన ఏడాదే. పుస్తకంలో రాసిన డ్రైవరు ఇంట్లో లేడు. లాబీకి తిరిగి వెళ్లి చెప్పాలి. ఆ ఎండలో ఒక తిరుగుడు కలిసొస్తుందని పక్క క్వార్టర్ల లైన్లోకి వెళ్లాను. మా ఆయన స్నేహితుడు, డ్రైవరు సన్యాసిరావు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఖాళీగానే ఉన్నాడనుకుని ఆయన పేరు నేనే రాసేశాను. ఆయన మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. ఆయన రాత్రంతా బండి నడిపి పొద్దున్నే దిగాడని, రెస్టులో ఉన్నవాణ్ణి పిలవకూడదని నేను చూసుకోలేదు. లాబీలో ఆయన కళ్లు వాలిపోతుంటే చూసి వెనక్కి పంపేశారు. బండి గంటసేపు నిలిచిపోయింది. నాకు మెమో వచ్చింది. ఎందుకు పెట్టినావు సంతకం అని తర్వాత అడిగితే ఒక్కటే అన్నాడు: “ఎండలో నడిసొచ్చినావు వదినా. లేదని ఎలాగంటాను?”

నేను పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి గడులు గీశాను. బండి, పేరు, టైం, సంతకం. అది మా కాల్ బుక్. పక్కన ఐదో గడి గీసి ‘వద్దు’ అని రాశాను. అది మా పుస్తకంలో లేదు. ఉంటే సన్యాసిరావు పడుకునేవాడు.

లావణ్య ఆ కాగితం మీద వారం రోజులు పని చేసింది. ఎవరి రెస్టు గంటలు వాళ్లే ముందు మూసుకోవాలి. పిలిచేవాడికి మూసి ఉందనే కనబడాలి, ఎందుకో కనబడకూడదు. మూడు టైములు చూపించి ఏది కుదురుతుందో సాఫ్ట్‌వేరే విడివిడిగా అడగాలి. అప్పుడు సారు పేరు ముందు ఉండదు. ‘వద్దు’ అన్నది ‘సరే’ అంత పెద్దగా ఉండాలి. ఎందుకు మూశారో తెలియకపోతే మేనేజర్లు ఒప్పుకోరని దీని భయం.

“డ్రైవరు రెస్టులో ఉన్నాడంటే ఉన్నాడు. ఏటి కలగన్నాడని స్టేషన్ మాస్టరు అడగడు” అన్నాను.

రెండో నెల మొదటి మీటింగుకు ఐదుగురే ‘సరే’ అన్నారు. అంతకుముందు తొమ్మిది. పిల్ల మొహం పాలిపోయింది. నేనూ లోపల భయపడ్డాను, పైకి మాత్రం ఫ్యాను కట్టమని కసిరాను. మీటింగు టైముకు ఐదుగురూ వచ్చారు. తర్వాతి వారాల్లోనూ అంతే, అన్నవాళ్లు వచ్చారు. బయటి క్యాలెండర్ మాట ఆగిపోయింది. లావణ్య ఉద్యోగం ఖాయమైంది. మిఠాయి కొంటానంటే వద్దని ఇంట్లోనే బెల్లం పరమాన్నం వండాను. రెండు గిన్నెలు తింది.

సంతకం పెట్టించడమే నా పని అనుకుని ఇరవై ఏళ్లు తిరిగాను. అవతలివాళ్లకు కాదనే వీలు లేకపోతే ఆ సంతకానికి విలువ లేదని ఈ వయసులో, నా మనవరాలి కంప్యూటర్ ముందు తెలుసుకున్నాను.

సన్యాసిరావు ఇప్పుడు మా ఊళ్లోనే ఇందా అనే పేటలో ఉంటాడు. చూడాలనిపిస్తే చెప్పాపెట్టకుండా ఆటో ఎక్కి వెళ్లడం నాకు అలవాటు. ఈసారి ఫోన్ చేశాను.

“సన్నాసీ, నానెప్పుడు రాకూడదో సెప్పు.”

అటు టీవీ కట్టేసి అన్నాడు:

“మజ్జానం రాకు వదినా. తిని తొంగుంటాను.”

ముప్పై ఏళ్లకు నాకు వద్దని చెప్పాడు. సాయంత్రం వెళ్లాను. నిద్ర పోయి లేచిన మొహంతో ఆయనే తలుపు తీశాడు.