గాజులత్త దాచుకున్న నీళ్లలేడి

గాజులత్త పోయిందన్న సంగతి నాకు వారపు అంగడిలో పసుపు కుంకుమలు అమ్మే ఆమె చెప్పింది. రెండు వారాలుగా అత్త కూర్చునే చోటు ఖాళీగా ఉంటే సుస్తీ చేసిందేమో అనుకున్నాను. "ఏడి సుస్తి? పోయి పన్నెండు దినాలాయె. కంగ్టి దిక్కెళ్లి వచ్చినోళ్లు చెప్పిన్రు" అంది ఆమె పొట్లం కడుతూనే. అత్తది కర్ణాటక సరిహద్దు అవతల ఏదో పల్లె. ఏ పల్లెనో మా నారాయణఖేడ్‌లో ఎవరికీ సరిగ్గా తెలియదు. ముప్పయ్యేళ్లు మా చేతులు పట్టుకున్న మనిషి పేరు కూడా అడగలేదని అప్పుడు తట్టింది. సిగ్గేసింది. ఈ నాలుగు మాటలు రాయడం ఆ సిగ్గుతోనే.

ఆమెను చూడనివాళ్ల కోసం చెప్తాను. పొట్టి మనిషి. భుజాన మలారం, అంటే తాళ్లకు గుచ్చిన గాజుల బరువంతా, తన కంటే పొడుగ్గా వేలాడేది. మేము ఆమెను అత్త అని పిలిచేవాళ్లం. ఆమె మాత్రం పాలు తాగే పిల్ల నుంచి పళ్లూడిన ముసలమ్మ దాకా అందరినీ "తంగీ" అనేది, వాళ్ల కన్నడంలో చెల్లెలా అని. "వరస కలుస్తలేదు గదత్తా" అంటే, "చెయ్యి కలిస్తె సాలు తంగీ" అనేది.

గాజులు తొడగడం చూసేవాళ్లకు తేలిక. భయపడిన చెయ్యి బిగుసుకుంటుంది, బిగుసుకున్న చేతికి గాజు ఎక్కదు, ఎక్కిస్తే చిట్లుతుంది, రక్తం వస్తుంది. మనసు వేరే ఎక్కడో ఉంటే చెయ్యి దానంతటదే మెత్తబడుతుంది. ఆ వేరే ఎక్కడో కోసమే అత్త ఒక దేశాన్ని కల్పించింది. దాని పేరు ఊదకొండల దేశం. ఆ దేశం నిండా ఎవరూ చూడని జంతువులు. చూడకపోయినా అక్కడి జనం వాటిని నమ్ముతారు, వాటికి భయపడతారు, వాటి పేరు మీద ఒట్లు పెట్టుకుంటారు.

గవ్వలమేక ఉండేది అక్కడ. దానికి వెంట్రుకలకు బదులు గవ్వలు మొలుస్తాయి. ఆ గవ్వల చప్పుడు వినబడితే ఇంటికి చుట్టం వస్తాడని ఊదకొండల ఆడవాళ్లు ఎసట్లో ఇంకో గుప్పెడు బియ్యం పోస్తారు. కుండపిట్ట ఖాళీ కుండల్లో కాపురముంటుంది, ఇల్లు వదిలి వలసపోయినవాళ్లు చివరగా అన్న మాటను పట్టుకుని అదే అంటూ ఉంటుంది. వీపు మీద ఇసుర్రాయి మోసే తాబేలు కరువొచ్చిన ఏడు మాత్రమే కదులుతుంది, అది నడిచిన దారంతా పిండి రాలుతుంది. మా వైపు వానలు లేక కంది మాడిపోయిన ఏడాది ఆ తాబేలు కథ నాకంటే నాకని పిల్లలం కొట్టుకున్నాం. చేతికి గాజులున్నవాళ్లు కూడా అవి తీసి దాచి, లేవని అబద్ధమాడి కూర్చున్నారు.

అబద్ధం ఎందుకంటే, అత్తకు ఒక పట్టుదల ఉండేది. గాజులు తొడుగుతున్నంతసేపే కథ. ఆఖరి గాజు మణికట్టు మీద పడగానే ఎంత మంచి చోటైనా సరే ఆపేసేది. "మిగిలింది మల్ల గాజులేస్కున్నప్పుడు" అని లేచేది. ఒట్టి చేతికి కథ చెప్తే మలారం పగిలిపోతుందని ఆమె నమ్మకం. ఒకసారి కంగ్టి బస్సులో ఎవరో పిల్ల ఏడుస్తుంటే జాలిపడి చెప్పిందట, ఖేడ్‌లో దిగేసరికి రెండు తాళ్ల గాజులు పెంకులయ్యాయట. "ఆ రోడ్డు మీద గాజులేంది అత్తా, మనుషులే పగుల్తరు" అని మా అక్క అంటే అందరం నవ్వాం. అత్త నవ్వలేదు.

మా అక్కది నీళ్లలేడి. ఒక్కొక్కరికి ఒక్కో జంతువును ఇచ్చేసేది అత్త, ఇంకొకరికి అది చెప్పేది కాదు. కానీ నేను అక్క పక్కనే కూర్చునేదాన్ని కాబట్టి నాకూ తెలుసు. ఆ లేడి ఒళ్లంతా నీళ్లే. ఎండిపోయిన తన చెరువును వదిలి, కొండలకవతల ఉన్న పెద్ద మడుగును వెతుక్కుంటూ బయలుదేరింది. అడుగడుగుకూ కాస్త తడి నేలలో ఇంకిపోయి అది చిన్నదవుతూ వస్తుంది. అందుకే ఆ దేశంలో ప్రతి గడప ముందూ ఒక ముంత నీళ్లు పెడతారు, ఆ నీళ్లను ఎంత దప్పికైనా ఎవరూ తాగరు. అక్క పరికిణీ కట్టిన నాటికి లేడి ఆవు అంత ఉంది. ఓణీ వేసిన నాటికి మేకంత అయింది. కల్హేర్ సంబంధం కుదిరి పెళ్లి గాజులు తొడిగిన రోజు కుందేలంత మిగిలింది. పెళ్లికూతురు అయ్యుండి అక్క, "మడుగు దాకన్న పోతదా అత్తా?" అని అడిగింది. "వచ్చే ఏడు రా, చెప్త" అంది అత్త.

వచ్చే ఏడు నిండకముందే మా బావ జ్వరంతో పోయాడు. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. అక్కకు పంతొమ్మిదేళ్లు.

పదోనాడు చేతుల నిండా గాజులు తొడిగి, ఆ తర్వాత వాటిని పగులగొడతారు. ఎందుకు తొడగాలో, ఎందుకు పగులగొట్టాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అర్థం చేసుకోవాలని కూడా లేదు. తొడగడానికి మా అమ్మ గాజులత్తనే పిలిపించింది. అత్త వచ్చి అక్క ముందు కూర్చుని చెయ్యి పట్టుకుంది. చెయ్యి రోకలిలా ఉంది. "అళబ్యాడ తంగీ, ఏడ్వకు" అంది. అక్క ఏడవడం లేదు, ఏడుస్తున్నది అత్తే. మరి ఎలా తొడగాలి? మెల్లగా లేడి కథ అందుకుంది. లేడి ఇప్పుడు దోసెడు నీళ్లంత ఉంది, ఇంకా మూడు కొండలున్నాయి, ఎండ మండుతోంది. చుట్టూ ఆడవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. అక్క చెయ్యి మాత్రం మెత్తబడింది. ఆకుపచ్చ గాజులు ఒకటి తర్వాత ఒకటి ఎక్కాయి.

ఆఖరి గాజు పడింది. ఏళ్ల తరబడి అలవాటైన నోరు. "మిగిలింది మల్ల గాజులేస్కున్నప్పుడు" అనేసింది.

అత్త తన నోటి మీద తనే కొట్టుకుంది, రెండుసార్లు, మూడుసార్లు. అమ్మ చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది. అక్క ఆమె వంకే చూస్తోంది. కాసేపటికి పెద్దవాళ్లు వచ్చి అక్కను తీసుకుపోయారు.

అక్క ఇక మా దగ్గరే ఉండిపోయింది. తర్వాత కూడా అత్త మా ఇంటికి వచ్చేది. నాకు తొడిగేది, వదినకు తొడిగేది, అక్క తలుపు వెనక నిలబడేది. అశుభమని ఎవరూ చెప్పకుండానే అక్క తనంతట తాను వెనక్కి జరగడం నేర్చుకుంది. ఒకసారి తలుపు వెనక నుంచే అడిగింది: "అత్తా, లేడి చేరిందా?" అత్త మలారం సర్దుకుంటూ, "ఒట్టి చేతికి చెప్పొద్దు తంగీ" అంది. నాకు ఒళ్లు మండింది. "గాజులు పగిల్తె పగలని! అక్క కన్న ఎక్కువనా నీకు?" అన్నాను. ఆమె మలారం ఎత్తుకుని గడప దిగింది. ఆ వారం నేను ఆమె దగ్గర గాజులు వేసుకోలేదు. ఆ మాట అన్నందుకు ఇవాళ బాధగా ఉంది.

ఎందుకంటే ఆ మరుసటి ఏడు, అంగడి కాని రోజు, అమ్మ చేనుకు పోయిన వేళ చూసుకుని ఆమె మా ఇంటికి వచ్చింది. మలారం లేదు. కొంగు ముడి విప్పితే ఒక్క గాజు. "ఒక్కటే ఏస్త. చెప్పినాక తీస్త. ఎవ్వరికి ఎర్క గాదు" అంది. ఊరికి తెలిస్తే ఆమెను ఒక్క గడప తొక్కనివ్వరు, ఆమె బతుకంతా ఆ గడపల మీదే. అయినా వచ్చింది. అక్క చెయ్యి అందుకుంది. అక్క పిడికిలి బిగించింది. "వద్దత్తా. నువ్వు పో" అంది. అత్త ఆ గాజును మళ్లీ కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. అంత ధైర్యం నాకు తెలిసిన మరెవరిలోనూ చూడలేదు.

మొన్న అంగడి నుంచి నేరుగా అక్క దగ్గరికి వెళ్లాను. కందిపప్పు చేటలో పోసుకుని రాళ్లు ఏరుతోంది. చెప్పాను. చేతులాగాయి.

"లేడి సంగతి నీకన్న చెప్పిందా?" అంది.

ఏం జవాబు చెప్పాలో దారంతా ఆలోచించుకునే వచ్చాను. "చెప్పిందక్కా. చేరింది. మడుగుల కలిసింది" అన్నాను.

అక్క నన్ను చూసి నవ్వింది. కోపం లేదు. "నీకు అబద్ధమాడుడు రాదే. ఆమెకు గూడ వస్తుండకపోయేది. గాజులు పగుల్తయని గాదు, ఆమె దగ్గర మిగిలిన కథ లేకుండె. పదోనాడు ఆమె మొఖం నేనొక్కదాన్నే దగ్గర్నుంచి చూసిన. దోసెడు నీళ్లు, మూడు కొండలు. ఎట్ల దాటియ్యాల్నో ఆమెకు సమజ్ గాలే."

"మరి గాజు తెచ్చింది గదక్కా?"

"తెచ్చింది. చేరలేదని చెప్పనీకె తెచ్చింది. గందుకే పిడికిలి పట్టిన. చెప్పకపోతె లేడి ఇంక నడుస్తనే ఉంటది గద అనుకున్న." చేటలోకి చూసింది. "ఇగ ఇప్పుడు చెప్పెటోళ్లే లేకపాయె."

బయట ఎండ దంచుతోంది, వాకిట్లో చల్లిన నీళ్లు అంచుల నుంచి లోపలికి ఆరుకుంటూ వస్తున్నాయి. అక్క పప్పు వదిలేసి వాటిని చూస్తూ కూర్చుంది. నడుమ మిగిలిన చారెడు తడి కూడా ఆరిపోయే దాకా చూసి, అప్పుడు చేట ముందుకు లాక్కుంది.