నరసింహులన్న పెట్టిన ఒక సంతకం

ఈ నెల మొదటి శుక్రవారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు నరసింహులన్న తిరుత్తణిలో తన డ్రైవింగ్ స్కూలు కారు అద్దాలు తుడిచి, గుడ్డ పిండి బానెట్ మీద ఆరేశాడు. ఎదురింటావిడ పాలవాడి కోసం గడియారం చూస్తూ నిలబడింది కాబట్టి సమయం తెలుసు. తర్వాత ఆయన స్టూలు మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. ఆరున్నర క్లాసుకు వచ్చిన బ్యాంకు ఉద్యోగిని, కునుకు తీస్తున్నాడనుకుని, లేపడానికి మొహమాటపడి పది నిమిషాలు అలాగే నిలబడిందట. గుండె ఆగిపోయిందన్నారు. ఆయనకు అరవై ఆరేళ్ళు. నాకు ఫోను వచ్చినప్పుడు తిరువళ్ళూరు స్టేషన్లో ఉన్నాను. తిరువాలంగాడులో నేను తెలుగు చెప్పే బడికి పోవలసిన రైలు వచ్చి వెళ్ళిపోయింది. దాని తర్వాతదీ వెళ్ళిపోయింది.

ఆయన గురించి రాయమని మన తెలుగు సంఘం పత్రికవాళ్ళు అడిగారు. పెద్ద మాటలు ఆయనకు నప్పవు. నా నలభయ్యో ఏట నాకు కారు నేర్పింది ఆయనే కనుక, నాకు తెలిసినంత రాస్తాను.

చాలా ఏళ్ళు బస్సు తోలి, తర్వాత స్కూలు పెట్టాడు. పాఠాలన్నీ అయ్యాక, లైసెన్సు పరీక్షకు పంపే ముందు, ప్రతి ఒక్కరినీ ఒక సాయంత్రం నడిపించేవాడు. బడులు వదిలే వేళకు రెండు చేతులకూ కూరగాయల సంచులిచ్చి, బస్టాండు నుంచి బైపాస్ దాకా. దారిలో మూడుచోట్ల రోడ్డు దాటాలి. తను పక్కనే వస్తాడు. చెయ్యి పట్టుకోడు, మాట్లాడడు. రెండోచోట నేను పదకొండు నిమిషాలు నిలబడ్డాను. నా దగ్గర చదువుకున్నవాడే ఒకడు నన్ను గుర్తుపట్టి, హారన్ కొట్టి, వేగం పెంచి పోయాడు. ఆ నడక పూర్తయితేగాని శిక్షణ కాగితం మీద సంతకం లేదు. దీనికి నామోషీపడి చాలామంది మధ్యలోనే మానుకుని వేరే స్కూళ్ళకు పోయారు. పోనీలే అనేవాడు.

చదువుకున్నవాళ్ళు కూడా ఎందుకిలా చేస్తారని ఒకసారి అడిగాను. “రూలు తెలీనోడు ఎవుడూ లేడమ్మా. రేషన్ అంగట్లో లైను దాటి ముందుకు పో, నలుగురూ నీ మొకం చూస్తారు. సిగ్గవతాది. బండ్లో మొకం కనపడదు” అన్నాడు. రోడ్డుకు తప్పువైపున, ఎదురుదిశలో బండి తోలుకొచ్చేవాళ్ళ గురించి అన్న మాట ఇంకొకటి ఉంది: “మొదుట్రోజు బయపడతానే వస్తాడు. ఏమీ కాలేదంటే, మర్నాటికి అదే దావ.”

గుడి ఉన్న కొండ కింద కొత్త కార్లకు పూజలు చేయిస్తుంటే చూస్తూ నిలబడేవాడు. తనూ ప్రతి కృత్తికా నక్షత్రం నాడూ సామి దర్శనానికి కొండ ఎక్కేవాడే. ఒకాయన చక్రం కింద నిమ్మకాయలు నలిపించి, బెల్టు పెట్టుకోకుండానే బయలుదేరబోతే కిటికీ దగ్గరికి వెళ్ళి, “నిమ్మకాయ తొక్కించినావు సరే, బ్రేకు కూడా సామే తొక్కల్నా?” అన్నాడు. కారాయన నవ్వాడు. బెల్టు మాత్రం పెట్టుకోలేదు.

నా తమ్ముడు మురళి కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. సోమవారం లైసెన్సు పరీక్ష. అది తప్పితే ఆత్తిపట్టులో దొరికిన డ్రైవరు పని పోతుంది. నడవాల్సిన శనివారం వాడికి జ్వరం వచ్చింది. నేనే స్కూలుకు వెళ్ళాను.

“జొరం తగ్గినాంక రానీమ్మా” అన్నాడు.

“పని పోతాదన్నా. ఈ ఒక్కసారికి వదిలెయ్” అన్నాను.

పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. తర్వాత సంతకం పెట్టాడు.

లైసెన్సు వచ్చిన అయిదో నెలలో తిరువాలంగాడు మలుపు దగ్గర, డివైడరు సందు దాకా ఒకటిన్నర కిలోమీటరు పోయి తిరిగి రావడం ఎందుకని, మురళి ఎదురుదిశలో వచ్చాడు. పూలతోటలో కూలిపని ముగించి బస్సు దిగిన ఎస్తేరమ్మ, బండ్లు రావలసిన వైపు చూసి, ఏమీ రావడం లేదని అడుగు వేసింది. ప్రాణం దక్కింది. కుడికాలు మాత్రం ఇక వంగదు. కేసు నడిచింది, ముగిసింది. ఆమె చూసుకోలేదని మురళి ఇప్పటికీ అంటాడు.

నరసింహులన్న ఆసుపత్రికి వెళ్ళాడు. ఆ మాటలు ఎస్తేరమ్మే ఈమధ్య నాకు చెప్పింది.

“నువ్వు గుద్దినావా?” అని అడిగిందట.

“లేదక్కా. గుద్దినోణ్ణి నేను పంపినాను.”

“కాలు నువ్వేమీ తెచ్చీలేవు గానీ నాయుడూ, ఆదివారం చర్చికి తీసుకపో. ఇంగ నడిచేది నాకు కాదు.”

ఆరేళ్ళు తీసుకుపోయాడు. ఎర్ర ‘ఎల్’ బోర్డు ఉన్న ఆ కారులోనే, మైలున్నర దూరం. ఆటో గానీ బస్సు గానీ ఆమె మళ్ళీ ఎక్కలేదు. ఆ సంతకం తర్వాత ఎంత పెద్దవాళ్ళు అడిగినా ఆయన ఒక్కరికీ నడక తప్పించలేదు. నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. అడిగింది నేనని నేనూ ఎవరికీ చెప్పలేదు. స్టేషన్ నుంచి బడికి పోయే దారిలోనే ఎస్తేరమ్మ ఇల్లు. ఆరేళ్ళూ రోడ్డుకు అవతలి పక్కన నడిచాను.

అన్న శవయాత్రకు మురళి బండి మీద వచ్చాడు. హెల్మెట్ మోచేతికి తగిలించుకుని, ఎదురుదిశలో. దగ్గరే కదా అన్నాడు. ఒకప్పుడైతే కోప్పడేదాన్ని.

ఆ ఆదివారం ఎస్తేరమ్మ ఇంటికి వెళ్ళాను. తెల్లచీర కట్టుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. కారు రాదని ఆమెకు తెలుసు. అయినా కట్టుకుంది. ఆ సంతకం పెట్టమని అడిగింది నేనేనని చెప్పాను.

“ఎవురో అడిగే ఉంటారని తెలుసు టీచరమ్మా. ఊరికే పెట్టే మనిషా ఆయన? నీ పేరు మాత్రం చెప్పలే” అంది. బైబిలు పక్కన పెట్టి, “అందుకేనా ఇన్నేండ్లూ ఆ పక్కన పోతా ఉండావు” అంది.

కారు తెస్తాను, చర్చికి నేను తీసుకుపోతాను అన్నాను.

“ఆయన బండ్లోనే కండ్లు మూసుకోని కూచుంటా ఉంటిని. తోలేది ఆయన గదాని ఎక్కతా ఉంటిని. ఇంగ వద్దులేమ్మా.”

తర్వాతి ఆదివారమూ కారుతో వెళ్ళి అడిగాను. నిన్నా అడిగాను. ఆమె నాతో నెమ్మదిగానే మాట్లాడింది, కాఫీ ఇచ్చింది. నరసింహులన్న లేని లోటు ఎంతో నాకు ఆ అరుగు మీద తెలిసింది. దాన్ని నేను పూడ్చలేను. ఎస్తేరమ్మ ఇప్పుడు చర్చికి పోవడం లేదు.