ఊలుమాల వేసుకున్న మేనమామ

మొన్న అదియమాన్‌కోట్టైలో ఒక పెళ్లికి పోతే, మండపం వాకిలికి మామిడాకుల బదులు ఊలుతో అల్లిన తోరణం కట్టి ఉంది. పచ్చని ఆకులు, నడుమ పసుపు బంతిపూలు. వచ్చినవాళ్లంతా దాని కింద నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. పక్కన కూర్చున్నావిడ, "ఇది కొత్త ఫేషనంట, బెంగళూరునుంచి తెప్పించినారంట" అని నాకు తెలియజెప్పింది. నేను తలాడించి ఊరుకున్నాను. ఆ ఫేషను కొన్నేళ్ల కిందటే మా ఇంటికి వచ్చి, నా కొడుకు మెడలో పడి, నలుగురి ఎదుట ఊడిపోయిన సంగతి చెప్పడం మొదలుపెడితే భోజనాల పిలుపు వచ్చినా ముగియదు.

నా కొడుకుది కొత్త ఇళ్ల కప్పులకు ఇనుప కమ్ములు కట్టే పని. ఒకసారి పరంజామీదనుంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. పిండికట్టు వేయించి వసారాలో మంచం మీద కూర్చోబెట్టాం. నొప్పి తగ్గేదాకా వాడు బాధపడ్డాడు, తగ్గాక మేం బాధపడ్డాం. చారులో పులుపు ఎక్కువంటాడు, ముగ్గు వంకరంటాడు, వీధిలో పోయే కూరగాయలబండివాడికి కూడా బండి ఎట్లా తోయాలో చెబుతాడు. వాడి నోరు మూయించడానికి ఒక క్రోషా సూదీ ఊలు ఉండా తెచ్చి చేతిలో పెట్టాను. ఆ అల్లిక నేను చిన్నప్పుడు బడిలో కుట్టు టీచరమ్మ దగ్గర నేర్చుకున్నది. మా చేత అల్లించిన రుమాళ్లన్నీ ఆవిడ తన ఇంట్లో కుర్చీలమీద పరుచుకునేదని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.

సూది కొన ఉన్న కొక్కేన్ని తిప్పి చూసి, "ఇదీ కంబి కట్టే పనే కదమ్మా, కంబి బదులు దారం" అన్నాడు. అంతే. వారం తిరిగేసరికి ఇంట్లో కదలని వస్తువులన్నింటికీ బట్టలు వచ్చాయి. నీళ్ల కుళాయికి టోపీ, గ్యాస్ సిలిండరుకు అంచు గౌను. మా ఆయన ఎప్పుడూ లేనిది వీధిలో తెగ తిరగడం మొదలుపెట్టాడు. అడిగితే, "ఒకచోట కూచుంటే నాకూ తొడుగుతాడే" అన్నాడు.

అప్పుడే కంబైనల్లూరులో ఉన్న నా కూతురి అత్తగారింటినుంచి కబురు వచ్చింది, మనవరాలికి మళ్లీ చెవులు కుట్టిస్తున్నామని. మళ్లీ అని ఎందుకంటే, మొదటిసారి ఆ పిల్ల మేనమామ ఒళ్లో కూర్చుని, చెవులు కుట్టే ఆచారి బొటనవేలు కొరికింది. ఆయన లేచి వెళ్లిపోయాడు. చుట్టాలంతా బిరియానీ తిని, కుట్టని చెవుల్ని దీవించి పోయారు. మా అల్లుడి అక్క ఈసారి ఫోనులోనే తేల్చి చెప్పింది: "అత్తా, ఈ తూరి కూడా మామ ఒళ్లో పాప ఏడిస్తే, ఎత్తి మా ఆయన ఒళ్లో కూచోబెడతాం. తర్వాత బాధపడొద్దండి."

మా వైపు అది చిన్న మాట కాదు. చెవులు కుట్టేటప్పుడు పిల్ల కూర్చోవలసింది మేనమామ ఒళ్లోనే. నా కొడుకు ఆ పూట అన్నం సరిగా తినలేదు. మరునాటినుంచి తనకొకటి, పాపకొకటి ఊలుమాలలు అల్లడం మొదలుపెట్టాడు. ఎక్కడా ముడి లేకుండా ఒకే దారంతో పెద్ద పెద్ద బంతిపూలు. ఆటో వచ్చి హారను కొట్టేదాకా అల్లుతూనే ఉన్నాడు. ఆఖరి ముడి వేయకుండానే కొసలు లోపలికి దోపి ఎక్కేశాడు.

కర్ర ఊతంతో, మెడలో ఊలుమాలతో దిగిన మేనమామను చూసి అల్లుడి అక్క, "పూలకొట్లన్నీ మూసినారా ఏమప్పా?" అంది. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడుగాని చెవులు ఎర్రబడ్డాయి.

పాపను ఒళ్లో పెట్టాం. ఆచారి దూరంనుంచే నోటివైపు ఒకసారి చూసి దగ్గరికి వచ్చాడు. పిల్ల ఏడుపుకు ముఖం సిద్ధం చేసుకుంటూ మామ మాల పట్టుకుంది. కొస చేతికి చిక్కింది. లాగింది. ఒక పువ్వు సర్రున విడిపోయింది. పాప ఆగి, మళ్లీ లాగింది. కిలకిలా నవ్వింది. నేను ఆపబోతే నా కొడుకు, "లాగనీమ్మా, సుమ్మా ఉండు" అన్నాడు పెదవులు కదపకుండా. ఆచారి ఒక చెవి కుట్టేశాడు. పాప ఉలిక్కిపడి నోరు తెరవబోతే, వాడు గబగబా పాప మాల కొస కూడా వెతికి చేతిలో పెట్టాడు. రెండో చెవీ అయిపోయింది.

మేనమామా మేనకోడళ్ల ఒళ్లో ఉడికించిన సేమ్యాలాగా ఊలు కుప్ప మిగిలింది. వాడి మెడలో ఒక్క పువ్వు మాత్రం వేలాడుతోంది. ఎవరూ నవ్వలేదు. అల్లుడి అక్క వచ్చి కింద కూర్చుని, దారమంతా ఉండగా చుట్టడం మొదలుపెట్టింది. చుట్టి చుట్టి, తల ఎత్తకుండానే, "మా మనవడికి కూడా ఇదే నెల చెవులు కుట్టాల. ఇట్లాంటిదే ఒకటి అల్లి ఇస్తావా, ముడి మాత్రం వెయ్యొద్దు" అంది వాడితో.

కట్టు విప్పాక వాడు పనికి పోయాడు. ఇప్పుడు ఇంటికి వచ్చేసరికి అలిసి ఉంటాడు, చారు గురించి ఒక్క మాట అనడు. వాడు మంచం మీద ఉన్న ఆ నెలల్ని ఎప్పుడు గడుస్తాయా అని తోసుకుంటూ గడిపాను. నా కొడుకు పెద్దవాడయ్యాక పగలంతా నా ఎదుట ఉన్న కాలం అదొక్కటేనని, అది పోయాక తెలిసింది.