రేపు మామయ్య పడకగది నీలం

మా గోడ అవతలి ఇంట్లో ఉండే దర్జీని వీధి వీధంతా రేపు మామయ్య అంటుంది. చొక్కా ఎప్పుడిస్తావని ఎవరడిగినా "రేపు" అంటాడు మరి. పెళ్లి కోటుకు కొలతలిచ్చిన ఒకాయన, దాన్ని తన కొడుకు పెళ్లికి తొడుక్కున్నాడట. ఇందులో నేను కల్పించింది పిసరంత కూడా లేదు. చెయ్యి మాత్రం బంగారం. ఆయన కుట్టిన కాలర్, లోపలి మనిషి వంగినా తాను వంగదు.

ఇంట్లోనూ అదే మాట. పడకగది గోడలకు చెమ్మ పట్టి సున్నం పెచ్చులు రాలుతుంటే, పొద్దున లేచేసరికి అత్తయ్య జుట్టు పిండి జల్లినట్టుండేది. రంగు వేయించమంటే "రేపు". మూలన బూజు పెరిగి పెరిగి దేశపటమంత అయింది. ఈ ఎండాకాలం అత్తయ్య ఇక వాదించలేదు. చాపా దిండూ చంకన పెట్టుకుని ముందుగదిలోకి వచ్చేసింది.

"గోడలకు రంగు పడేదాకా నేనా గదిలో పడుకోను. నువ్వు వేస్తావో, ఇంకొకరితో వేయిస్తావో నీ ఇష్టం."

మామయ్య నవ్వి ఊరుకున్నాడు. ఆ రాత్రి తెలిసొచ్చింది. అత్తయ్య గురక సామాన్యమైంది కాదు. పడకగదిలో ఆవిడ గురక పెడితే ఇటు మా వంటింటి గూట్లో గిన్నెలు ముందుకు జరిగేవి. ఇన్నేళ్లు దాని పక్కనే పడుకున్న మనిషికి అది వినపడకపోతే కన్ను మూతపడలేదు. తానూ ముందుగదిలోకి వస్తానంటే, "మరి నీ బూజు బెంగపెట్టుకోదూ?" అని తలుపు వేసేసుకుందట. నిద్రలేక మామయ్య ఎవరిదో ప్యాంటుకు రెండు కాళ్లూ కలిపి కుట్టేశాడు.

పెయింటర్ దగ్గరికి పరుగెత్తాడు. ఆ పెయింటర్ చొక్కా గుడ్డేమో ఈయన అరలో ఎప్పటినుంచో మూలుగుతోంది.

"వస్తా మామా, రేపొస్తా."

"ఏ రేపురా?"

"నా చొక్కా వచ్చే రేపు."

కూర్చుని ఆ చొక్కా కుట్టి పారేస్తే పోయేది. పౌరుషం అడ్డొచ్చింది. "గుడ్డను లొంగదీసినవాణ్ణి, గోడ నాకో లెక్కా?" అంటూ తనే నడుం కట్టాడు.

ఏ రంగు కావాలని అడిగితే, అత్తయ్య తన దిండు గలీబు మూలను కత్తిరించి చేతిలో పెట్టింది. తెల్లవారుతుంటే ఆకాశం ఉంటుందే, అలాంటి లేత నీలం.

"గుర్తు గీసుకోకుండా కత్తెర పెట్టావేమే!" అని మామయ్య గుండె పట్టుకున్నాడు.

ఆ ముక్క పట్టుకుని రంగుల దుకాణానికి వెళ్లి, దారం రీళ్లు చూసినట్టు ఒక కన్ను మూసి డబ్బాలన్నీ చూశాడు.

"దీనికన్నా ఒక ఛాయ ముదురు ఇవ్వు."

"అదేంటి బాబాయ్, గోడ నిండా పూస్తే రంగు ముదురే కనిపిస్తుంది. ఒక ఛాయ తగ్గించుకోవాలి" అన్నాడు దుకాణం అతను.

"నాకు చెప్పకు. దారం ఎప్పుడూ ఒక ఛాయ ముదురే తీసుకోవాలి. కుట్టాక తేలిపోతుంది."

"ఇది దారం కాదు కదా!"

"రంగు రంగే."

పని మాత్రం ముచ్చటగా చేశాడు. స్టూలు కావాలేమో అడిగే వంకతో వెళ్లి కళ్లారా చూశాను. పెచ్చులు గీకి, చెమ్మ ఆరనిచ్చి, గుంటల్లో లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్దాడు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది. పైకప్పు అంచుకు దర్జీ సుద్దతో గీత గీసి, బ్రష్షును సూదిలా నడిపించాడు. ఆ అంచు ఎంత సూటిగా వచ్చిందంటే చీమ కూడా దానిమీద వంకర నడవలేదు.

పొద్దునకు రంగు ఆరింది. వాకిలి ఊడుస్తున్న చీపురుతోనే నేనూ వెళ్లాను. మేం ముగ్గురం గుమ్మంలో నిలబడ్డాం. బావి అడుగున నిలబడ్డట్టుంది. కిటికీలో కాకి వాలితే, ఆ గదిలోకల్లా తెల్లనిది అదే.

అత్తయ్య గలీబు ముక్క గోడకు ఆనించి చూసింది. "ఇదేం రంగయ్యా?"

"నీ గలీబు రంగే. ఒక ఛాయ ముదురు."

"ముదురెందుకు?"

"కుట్టాక తేలిపోతుందని..."

అత్తయ్య పెదవి చివర నవ్వు కదిలింది. వెనక్కి తిరిగి ముందుగదిలోకి వెళ్లి చాప సర్దుకుంది.

ఇక మామయ్య "రేపు చూద్దాం" అంటాడని చెవులు రిక్కించాను. ఆయన ఆ చాప వంక చూశాడు, చెప్పులేసుకున్నాడు.

"ఎక్కడికి?" అంది అత్తయ్య.

"విప్పి మళ్లీ కుట్టడానికి. ఇవాళే."

ఇవాళ అనే మాట ఆ నోట వినగానే నా చేతిలో చీపురు జారిపోయింది.

తెల్లరంగు డబ్బా తెచ్చి ముందు గోడలన్నీ తెల్లగా పూశాడు. అది ఆరుతుండగా మిగిలిన తెలుపులో ముదురు నీలం చెంచాతో కలుపుతూ కూర్చున్నాడు. అత్తయ్య గుమ్మంలోంచే చూస్తూ చూస్తూ ఓపిక పట్టలేకపోయింది.

"ఇంకొంచెం తెలుపు పొయ్యి. ఊఁ, చాలు. ఉండుండు, తడి చూసి నమ్మకు. చిన్న మరక పెట్టి ఆరనీ."

"నువ్వు దుకాణంలో పనిచేశావా ఏమిటే?"

"నువ్వు చేయలేదుగా, చూశాం."

ఆరిన మరక మీద గలీబు ముక్క పెడితే, అది ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. అప్పుడు పై సగం ఆయన, కింది సగం ఆవిడ పూసుకుంటూ వచ్చారు. ఒకరి మోచేయి ఒకరికి తగిలినప్పుడల్లా తిట్టుకున్నారు. పొద్దు గుంకేసరికి ఆ గదిలో అప్పుడే తెల్లవారుతున్నట్టుంది.

మామయ్య చేతులు తుడుచుకుంటూ మెల్లగా అడిగాడు. "ఏమే, ఇవాళ లోపల పడుకుంటావా?"

అత్తయ్య గోడ చూసింది, ఆయన్ను చూసింది. "రేపు" అంది.

పాపం, ఆయన మొహం కుట్లు ఊడినట్టు వేలాడిపోయింది.

"వాసన పోవద్దూ?" అని అత్తయ్య ముందుగదిలో తన చాపను గోడవైపు కాస్త జరిపింది. "నిలబడతావేం? నీ దిండు తెచ్చుకో."

పెయింటర్ చొక్కా ఇంకా అరలోనే ఉంది. మర్నాడు రాత్రి మాత్రం మా గూట్లో గిన్నెలు కదిలాయి. లేచి వాటిని వెనక్కి నెట్టి, నేనూ హాయిగా పడుకున్నాను.