విప్పేసిన దారాలు

బస్సుకు సడన్ బ్రేక్ పడ్డప్పుడు పక్క సీటాయన ముందున్న కడ్డీని పట్టుకోలేదు. ఒళ్ళోని మూటను రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. నుదురు కడ్డీకి కొట్టుకుని బొప్పి కట్టింది.

"దేవుడి పటమా ఏంటండీ?" అన్నాడు కండక్టర్.

"కారు మీటర్లయ్యా" అంటూ ఆయన మూట విప్పి అద్దాలు చూసుకున్నాడు. నుదురు తడుముకోలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, గుంటూరు నుంచి మంగళగిరి వెళ్ళే బస్సు అది. ఆ మీటర్ల పలక పాత రెండు సీట్ల స్పోర్ట్స్ కారుది. ఆ కారుని ఒక పొగాకు వ్యాపారి, తన దగ్గర డ్రైవరుగా చేసిన ఈయన నాన్నకి ఇచ్చాడట. ఈసారీ నడవకపోతే పాత ఇనుముకి వేసేద్దామని తమ్ముళ్ళు పట్టుబట్టారట.

వాళ్ళది మగ్గమున్న ఇల్లు. మీటర్లు కాలిపోయి పలక ఊడదీసేటప్పుడు, ఏ వైరు ఎక్కడిదో తెలియాలని ఒక్కో వైరుకీ, పలక మీద అది తగిలే చోటుకీ ఒక్కో రంగు నూలు కట్టాడు. పలక గుంటూరులో రిపేరుకి ఉండగా దసరా వచ్చింది. ఆయుధపూజకని భార్య కారంతా తుడిచి, కారు వైర్లకున్న దారాలన్నీ విప్పేసి బొట్లు పెట్టింది.

"తిట్టారా?" అన్నాను.

"ఏమని తిట్టనండీ? బండి బాగుపడాలనే కదా మొక్కింది."

"మరిప్పుడు?"

"ఒక్కోటీ తగిలించి చూడాలి. తప్పు పడితే మళ్ళీ కాలిపోతాయి. ఇంకోసారైతే నావల్ల కాదని రిపేరు చేసినాయన చెప్పేశాడు." కళ్ళు మూసుకున్నాడు.

మంగళగిరిలో మూట నా చేతికిచ్చి, మెట్లు దిగి, మళ్ళీ అందుకున్నాడు.

ఆ ఊరి మీదుగా తర్వాత ఎన్నోసార్లు వెళ్ళాను. రెండు సీట్ల కారు మాత్రం ఎక్కడా కనిపించలేదు.