చిత్తిరిలో మార్గళి చలి: తిరుత్తణిలో ఒక మగ్గం గుంట

ఎనభైల మొదట్లో, మే నెలలో, చిత్తిరి చివరి కత్తిరి ఎండలు మండిపోతున్న రోజుల్లో నేను తిరుత్తణికి పోయాను. బుద్ధున్నవాళ్లెవరూ ఆ నెలలో పోరు. మా పెద్దక్క కబురు పెట్టింది కాబట్టి నాకు తప్పలేదు. బావ అంతకుముందు మార్గళిలో, ధనుర్మాసపు చలిలో, మగ్గం మీదే కన్నుమూశాడు. ఆయన నేస్తున్న చీర రెండు మూరలు మిగిలిపోయింది. మా నేత ఇళ్లలో మగ్గమెక్కిన పడుగును మధ్యలో కోయరు, ఎవరో ఒకరు చివరిదాకా నేసి దించాల్సిందే. అది దిగితే కూలికి నేసే మనిషిని పెట్టుకుని అక్క బతకగలదు. దిగకపోతే పస్తులే. వీధిలోని నేతగాళ్లు ఇద్దరు ఆ మగ్గం మీద కూర్చుని చూసి లేచిపోయారట. ఎందుకు లేచారో కబురు తెచ్చినాయన చెప్పలేదు.

మద్రాసులో పొద్దున్నే పాసింజరు ఎక్కాను. టికెట్టు కొద్ది రూపాయలే. తిరువళ్లూరు దాకా కిటికీలోంచి గాలి హాయిగా వచ్చింది. తిరువాలంగాడు దాటాక కిటికీ కమ్మీ మీద చెయ్యి పెట్టలేకపోయాను. అరక్కోణంలో బండి చాలాసేపు ఆగుతుంది, అక్కడ మజ్జిగ తాగకుండా కదలొద్దు. తిరుత్తణిలో దిగేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. స్టేషను బయట ఒకే ఒక జట్కాబండి ఉంది.

"యాడికి పోవాల సామీ, కొండ మీద గుడికా?" అన్నాడు బండి ముసలాయన.

నేతవాళ్ల వీధిలో బావ పేరు చెప్పాను.

"వీధి మొగలో దింపేస్తా. గుర్రం లోపలికి రాదు."

"ఎందుకు రాదు?"

"ఎండకి" అన్నాడు నా మొహం చూడకుండా.

ఆ ఊళ్లో ఏ నెల ఎలా ఉంటుందో నేతవాళ్లకు నూలే చెప్తుంది. చిత్తిరిలో పోగులు పుటుకూ పుటుకూ తెగుతాయి, అందుకే నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలో తేమ కోసం తడి ఇసుక పోస్తారు. ఆషాఢపు ఆడిలో, భక్తులు కొండకు కావడులు మోసే కృత్తిక పండగ నాటికి, ఎండ కాస్త తగ్గినా గాలి ఊరుకోదు. ఐప్పసి వానల్లో నూలుకు పెట్టిన గంజి ఆరి చావదు. మార్గళి మంచుకు గుంటలో కాళ్లు కొయ్యబారతాయి. సంక్రాంతితో మొదలయ్యే తై, దాని తర్వాతి మాసి నెలలే మనుషులకూ నూలుకూ సుఖం.

అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది. చిక్కిపోయింది. కాళ్లకు నీళ్లిచ్చి, అంబలి పోసింది. మగ్గం వైపు మాత్రం చూడలేదు.

"వాళ్లు ఎందుకు లేచిపొయినారక్కా?"

"నువ్వే దిగి చూడు. నేను చెప్తే పిచ్చిదనుకుంటావు."

దిగాను. గచ్చు కాలుతోంది, గోడ కాలుతోంది. గుంటలో పెట్టిన కాళ్లకు మాత్రం మంచు తగిలింది. ఇసుక చల్లదనం కాదు అది. తెల్లవారుజామున పొగమంచులో నిలబడితే ఎముకల్లోకి పాకే చలి. వంగి తడిమాను. గుంట ఎండిపోయి ఉంది.

"నీళ్లు పోసినావా?"

"చుక్క పోయలా. ఆయన పొయినప్పటి మార్గళి ఆడనే నిలబడిపొయిండాది. పోనంటాది."

"నీకు బయం లేదా?"

"బయమేంటికి? దినామూ మద్దేనం కాళ్లు పెట్టుకోని కూసుంటా."

"మరి నన్నెందుకు పిలిచినావు?"

"తినాల గదా తమ్ముడా" అంది.

పేక పోగు విసిరే నాడె చేతిలోకి తీసుకున్నాను. వీధిలో అన్ని ఇళ్లలోనూ పోగులు తెగి మగ్గాలు ఆగిపోయాయి, మాది ఒక్కటే ఆడింది. ఒక్క పోగూ తెగలేదు. రెండు మూడుసార్లు నా పాదం ఆనకముందే తొక్కుడు చెక్క కిందికి దిగింది. చచ్చేంత భయపడ్డాను. అయినా లేవలేదు. చివరి జానెడు నేస్తున్నప్పుడు కాలి వేళ్ల సందుల్లోంచి కొద్దికొద్దిగా వేడి ఎక్కడం మొదలైంది. పొద్దు వాలేసరికి పోగులు కోసి చీర దించాను. గుంట అందరిళ్ల గుంటల్లాగే సెగలు కక్కుతోంది.

నేను లేచాక అక్క వచ్చి కూర్చుని కాళ్లు లోపల పెట్టింది. చాలాసేపు అలాగే ఉంది.

"వేడెక్కిపొయిండాది" అంది. తర్వాత ఏడ్చింది. బావ పోయిన రోజు కూడా అంతగా ఏడవలేదు.

నేను చేసింది సాయమో అన్యాయమో ఇన్నేళ్లయినా నాకు తేలలేదు. కూలి మనిషి వచ్చాడు, అక్క పొయ్యి వెలిగింది, ఆమె బతికింది. ఆ మగ్గం మీద కత్తిరిలో పోగులు అందరికీ తెగినట్టే తెగాయి. మీరు పోదలిస్తే తై, మాసి నెలల్లో పోండి. చిత్తిరిలోనే పోవాల్సి వస్తే మాత్రం దుప్పటి మోసుకుపోవద్దు, ఆ నెలలో అక్కడ ఎవరూ ఏమీ కప్పుకోరు. అక్క తప్ప. ఆ చీరను ఆమె ఎవరికీ అమ్మలేదు. ప్రతి చిత్తిరిలోనూ మధ్యాహ్నం పూట, బావ నేసిన కొస మెడదాకా లాక్కుని పడుకునేది. ఆమె నుదుటి మీద ఒక్క చెమట చుక్క కూడా నేను చూడలేదు.